ఈదయ్య పేరుకు అక్షరాలు

పడుగు చివరికొచ్చింది. ఇంకొక్క పేరు పట్టెంత మిగిలింది. ఆ పేరు మా అన్నది.

నాది చిటికి పని. నూలును లెక్కప్రకారం కట్టి, రంగుల ముంచి, కట్లు ఇప్పి నేస్తె కట్టిన కాడ తెల్లగ ఉంటది, కట్టని కాడ రంగు పడుతది. అట్ల పువ్వులు నేసిన, ఏనుగులు నేసిన. పేర్లు ఎన్నడు నెయ్యలె. నైజాం దిగిపోయి యాభై ఏండ్లు నిండుతున్నయని ఊర్ల ఒక కమిటీ ఏసిన్రు. రజాకార్ల కాలంల ఊరికోసం ప్రాణం పోయినోళ్ల పేర్లు రాయి మీద చెక్కిపిద్దామన్నరు కొందరు. రాళ్లు అన్ని ఊర్లల్ల ఉంటయి, మనది మగ్గాల ఊరు, బట్ట మీద నేపిచ్చి పంచాయతీ ఆఫీసు గోడకు కడుదామన్నరు ఇంకొందరు. నన్ను అడిగిన్రు. సరే అన్న.

కమిటీకి పెద్ద సోమన్న పంతులు. బడి నుంచి రిటైరై ఊర్లనే ఉంటడు. ఆయన ఒక్కటే మాట చెప్పిండు.

"సిద్దిరాములూ, చేతిరాత వద్దు. అచ్చు అక్షరాలుండాలె. అందరియి ఒక్క తీరుగ ఉండాలె. ఒకలది పెద్దగ ఒకలది చిన్నగ అయితె రేపు ఊర్ల లొల్లి."

అట్ల చౌటుప్పల్ల అబ్దుల్ ఖాదర్ దుకాణం కాడికి పోవుడు మొదలైంది. ఖాదర్ తాన కంప్యూటరు ఉంది. పెండ్లి పత్రికలు చేస్తడు, ఎవలన్న పోతె గోడలకు అంటిచ్చే శ్రద్ధాంజలి కాయిదాలు చేస్తడు. లావుపాటి అక్షరాలల్ల ఒక్కొక్క పేరు పెద్దగ తీసిచ్చిండు. నేను ఇంటికి తెచ్చి, గళ్ల కాయిదం మీద దించి, ఆ లెక్కన నూలు కట్టి నేసిన. అండ్ల ఖాదర్ చిన్నతాత ఖాసిం పేరు గూడ ఉంది. ఆ పేరు తీసేటప్పుడు ఖాదర్ చాయ్ తెప్పిచ్చి నా దిక్కు చూడకుండ తాగిండు.

మా ఇంట్ల ఒక అలవాటుంది. పని కాంగనె నమూనా కాయిదం పొయ్యిల పెడుతం. ఇంకొక మగ్గపోని చేతికి పోవద్దని మా నాయిన కాలం నుంచి అంతే. సచ్చినోళ్ల పేర్లకు దొంగలెవరుంటరు. అయినా చెయ్యి ఊకోలె. ఒక్కొక్క పేరు అయినకొద్ది ఆ కాయిదం కాలబెట్టిన.

మా అన్న పేరు మాత్రం ఆ బట్ట మీద లేదు.

అన్న పేరు ఈదయ్య. ఈదమ్మ తల్లికి మొక్కితె పుట్టిండని ఆ పేరు పెట్టిన్రు. అప్పుడు ఆయనకు ఇరువై ఏండ్లుంటయేమో. నేను బడికి పోయింది మూడు తరగతులే, తెలుగు అక్షరాలు మగ్గం పక్కన కూసోబెట్టి ఆయన నేర్పినయే. ఒకనాడు గుట్టల్ల దాక్కొని రజాకార్లతోని కొట్లాడేటోళ్లకు సద్దిమూట పట్టుకొని పోయిండు. మల్ల రాలె. తెల్లారి గుట్ట మీద రజాకార్లు పడి ఇద్దర్ని కాల్చిన్రు. జాడ చెప్పింది ఈదయ్యనే, చెప్పి పారిపోయిండు అని పుకారు పుట్టింది. బెజవాడల చూసినమన్నరు, షోలాపూర్ల చూసినమన్నరు. పీనుగ దొరకలె గనుక మా వదిన ఆండాళు బొట్టు తియ్యలె, మెట్టెలు తియ్యలె. దానికి గూడ మాటలు పడ్డది. పెనిమిటి ఏడున్నడో దీనికి ఎరుకే, అందుకే తియ్యది అన్నరు.

నా ఇంటామె పోయినంక ఇంట్ల వదిన, నేను. ఆ బట్టకు నూలు ఆసు పోసింది వదిననే. చీలల సుట్టు పోగు తిప్పి తిప్పి ఆమె కుడి భుజం ఏనాడో పోయింది. ఊర్ల అందరి పేర్లకు ఆమె పోసిన నూలే. ఎన్నడు ఏమనలె.

బట్ట అయిపోవస్తుంటె ఒకనాడు బీరన్న వచ్చిండు. గొర్లు కాసిన మనిషి, ఇప్పుడు కండ్లు సరిగ ఆనవు. మగ్గం గుంత పక్కన కూసోని, పేర్లు యాడిదాంక వచ్చినయి సదువు అన్నడు. సదివిన.

"ఈదన్నది ఏదిరా?"

"లేదు."

"ఎందుకు లేదు? నేనే గద పూడ్చిపెట్టిన."

పడుగుల పోగు తోలే నాడె నా చేతిల ఆగింది. వదిన చెయ్యి ఆసు మీద ఆగింది.

వాగు ఒడ్డున ముండ్లపొదల పడి ఉన్నడంట. ఈపుల తూటా. మందను అడ్డం తోలి, ఇసుకల గుంత తీసి, నక్కలు పీకకుండ మీద రాళ్లు పేర్చిండంట. సద్దిమూట ముడి ఇప్పనే లేదంట. అంటె పోంగనే పడ్డడు. గుట్ట ఎక్కనే లేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలె బీరన్నా?" అన్నది వదిన. గొంతు మామూలుగనే ఉంది.

"మొదలు భయానికి చెప్పలె తల్లీ. అటెనుక నన్నెవరడిగిన్రు?"

అది నిజమే. గొర్లోన్ని మా ఊర్ల గొర్ల సంగతే అడుగుతరు.

సోమన్న పంతులు బీరన్నను ఎంబడి తీస్కొని వాగు కాడికి పోయి చూసొచ్చిండు. కమిటీ కూసున్నది. గుట్ట మీద సచ్చిన ఇద్దర్ల ఒకరు యాదయ్య. ఆయన కొడుకు గుర్వయ్య కమిటీల ఉన్నడు. తండ్రి పోయినప్పుడు గుర్వయ్య పొత్తిగుడ్డల పిల్లగాడు. మా అన్న పేరు వింటేనే మొఖం తిప్పుకునేటోడు.

"రాళ్ల కుప్పలు వాగు పొడుగుత ఉన్నయి పంతులూ" అన్నడు.

"సద్దిమూట మాట బీరన్నకు కలల రాలేదు గదా" అన్నడు పంతులు.

చానసేపు మాట్లాడిన్రు. చివరికి పేరు పెట్టుడే అన్నరు. గుర్వయ్య లేసి నిలవడ్డడు.

"అయితె నాదొక మాట. అందరియి ఎట్లున్నయో గదే అక్షరం ఉండాలె. జర తేడా వచ్చినా, మగ్గం ఈయనది గనుక ఈయననే అన్న పేరు ఇరికిచ్చిండంటరు. మందిదాంక ఎందుకు, నేనే అంట. గప్పుడు ఆ కొస కత్తిరిచ్చినంకనే బట్ట గోడకెక్కాలె."

"న్యాయమే" అన్నడు పంతులు. నా దిక్కు చూసిండు. నేను తల ఊపిన.

ఇంటికొచ్చి వదినకు చెప్పిన. ఆమె కాళ్ల దిక్కు చూసుకుంది. "పేరు గోడకెక్కినంక మెట్టెలు తీస్త. అప్పటిదాంక ఎవలు చెప్పినా తియ్య" అన్నది.

చౌటుప్పల్ పోయిన.

"రా కాకా, పేర్లన్ని అయిపోయినయనుకున్న. ఇంకొకటుందా?" అన్నడు ఖాదర్.

"మా అన్నది."

"మంచిగైంది" అన్నడు.

మిషన్ల పాత పేర్లు తెరిచిండు, కింద కొత్త పేరు కొట్టిండు. నేను ముందటికి వంగి చూసిన.

"ఇవి అవి కావు."

"ఏవి?"

"అక్షరాలు."

ఖాదర్ అద్దాలు తుడుసుకొని చూసిండు. పాత పేర్లు గూడ మారిపోయి ఉన్నయి. సన్నగ, పక్కకు ఒరిగి ఉన్నయి. ఆయనేదో ఒత్తిండు, ఇంకేదో ఒత్తిండు. మెడ వెనుక గోక్కున్నడు.

"కాకా, ఆ ఫాంటు పోయినట్టుంది."

"పేర్లు ఉన్నయి గద. అక్షరాలు యాడికి పోతయి?"

"ఫైల్ల పేరే ఉంటది, అక్షరం ఉండది. ఫలానా ఫాంటుతోని కొట్టిన్రు అని గురుతు మాత్రం ఉంటది. ఆ ఫాంటు వేరే జాగల ఉంటది. ఉంటె తెచ్చి చూపెడుతది. లేకుంటె అందినదొకటి తొడిగి ఊకుంటది."

"లేదని చెప్పదా?"

"చెప్తది. రోజు ఏదో ఒకటి అడుగుతనే ఉంటది, నేను సూడకుండ సరే అని కొడుత." నవ్వబోయి నా మొఖం చూసి ఆపుకున్నడు.

అప్పుడు జరిగింది చెప్పిండు. పెండ్లిండ్లప్పుడు ఎవలు ఏ తీరు అక్షరం అడిగితె అది ఎక్కిచ్చిండంట. మిషన్ బరువై, పొద్దుగాల బటన్ ఒత్తి చాయ్ తాగొచ్చినా లేవకపోతుండెనంట. హైదరాబాద్ నుంచి రిపేరాయనను పిలిపిస్తె, ఇన్ని ఫాంట్లు నెత్తిన పెట్టి లేవమంటె అదేం లేస్తది అని అన్ని తుడిసిండంట. తుడిసి కొత్త ప్రోగ్రాం ఒకటి పెట్టి పోయిండు. దాంట్ల ఫాంట్లు గుంపులు గుంపులుగ ఉంటయి. పనికొచ్చే గుంపు తెరుచుకోవచ్చు, పని కాంగనె మూయొచ్చు. మిషన్ మీద బరువు పడది.

"మూసినదాంట్ల లేదా?"

"మూసినది ఎప్పుడైనా తెరవొచ్చు కాకా. తుడిసినది తెరవరాదు."

"తుడిసేముందు ఇంకొకటి తీసి పెట్టుకోలేదా?"

"ఫ్లాపీల పెట్టిన. అంత తెల్వనోన్ని కాదు."

సొరుగు గుంజి ఫ్లాపీలన్ని బల్ల మీద పోసిండు. ఒకటి పట్టి మిషన్ల పెట్టిండు. పిండి గిర్ని లెక్క గర్రుమన్నది, ఆగింది. తీసి, చొక్కాకు తుడిసి మల్ల పెట్టిండు. మల్ల గర్రుమన్నది. రేకు జరిపి లోపలి ఫిల్మ్ వెలుగుకు పెట్టి చూసిండు. బూజు పట్టి ఉంది. వానకాలం మొత్తం ఆ సొరుగు మీదనే కప్పు కారిందంట.

"నువ్వు తీస్కపోయిన కాయిదాలున్నయి గద. ఆ పేర్లల్ల అక్షరాలు ఏరుకోవచ్చు."

"కాలబెట్టిన."

"ఎందుకు?"

అలవాటని చెప్పిన. ఆయన సరే కొట్టినట్టే నేను పొయ్యిల పెట్టిన. ఇద్దరం బల్ల మీది ఫ్లాపీల దిక్కు చూస్తు కూసున్నం.

చివరికి ఆయనే యాది చేసుకున్నడు. ఆ ఫాంటు తనకు ఇచ్చింది నల్లగొండ అహ్మద్ అలీ అంట, గడియారం సెంటరు దగ్గర దుకాణమంట. చీటి రాసిచ్చిండు. నేను అదే పూట బస్సెక్కిన.

అహ్మద్ అలీ చిన్న వయసోడు. మాట్లాడుతనే ఉంటడు. చీటి చూసి, "ఖాదర్ భాయ్ ఇంక దుకాణం మూయలేదా" అన్నడు. మిషన్ల వెదికిండు. "గిదే, పేరు సరిగ్గ గిదే" అన్నడు. నాకు ప్రాణం లేసొచ్చింది. ఫ్లాపీల ఎక్కిచ్చి ఇచ్చిండు. "పెద్దయ్యా, ఖాదర్ భాయ్‌కి చెప్పు, ఇదే పేరుతోని ఇంకొకటి మిషన్ల ఉంటె ముందు దాన్ని తియ్యమను. ఒక్క పేరుతోని రెండుంటె మిషన్ ఏది పడితె అది తీస్తది" అన్నడు.

ఫ్లాపీని దస్తీల చుట్టి బొడ్ల పెట్టుకున్న. చౌటుప్పల్ వచ్చిందాంక చెయ్యి దాని మీదనే ఉంది. తడి తగలొద్దు, ఎండ తగలొద్దు అని ఖాదర్ చెప్పిండు గనుక కిటికీ పక్కన గూడ కూసోలె.

ఖాదర్ ఎక్కిచ్చిండు. పేరు కొట్టిండు. కాయిదం మీద తీసి నా చేతిల పెట్టిండు. లావుగనే ఉన్నయి. చానవరకు అవే. కాని య్య కింది తోక వేరే. మాది గుండ్రంగ తిరిగి పైకి లేస్తది, ఇది సాపుగ పోయి ఆగింది. ద పొట్ట గూడ సన్నం. ఆ తోకను ఎన్ని పేర్లల్ల కట్టిన్నో నా వేళ్లకు ఎరుక.

"ఇది కాదు ఖాదర్."

"పేరు అదే గద కాకా."

"పేరు అదే. మనిషి వేరే."

ఖాదర్ ఎస్టీడీ బూత్ నుంచి అహ్మద్ అలీకి ఫోన్ చేసిండు. తిరిగొచ్చి స్టూలు మీద కూలబడ్డడు. ఆ ఫాంటు చేసినోళ్లే నిరుడు కొత్తది తీసిన్రంట, జర మార్చి, అదే పేరు పెట్టి. అహ్మద్ అలీ దాన్ని ఎక్కిచ్చేటప్పుడు పాతదాని మీద ఎక్కింది. పేరొకటే గనుక పాతది పోయింది. రెండు ఉంచుకోవాలంటె ముందే పాతదాన్ని వేరే జాగల దాసి పెట్టుకోవాలంట.

ముందే. ఆ మాట రెండు దుకాణాలల్ల విన్న.

"గోడ" అన్నడు ఖాదర్ ఉన్నట్టుండి. "ఆ ఫాంటు నేను శ్రద్ధాంజలి కాయిదాలకే వాడిన. ఈశ్వరమ్మ అని ఒకామె పోయింది. ఆమె పేరు, కింద ఇంటోళ్ల పేర్లు గంత అక్షరాలల్ల కొట్టిన, మనకు కావాల్సినయన్ని అండ్ల ఏరుకోవచ్చు. బస్టాండు గోడకు ఉంటది."

దుకాణం తలుపు దగ్గరికేసి ఇద్దరం ఉరికినట్టే పోయినం. గోడ ఉంది. కాయిదం మీది మూల ఒకటుంది, ఆమె నెత్తి, ఒక కన్ను కనవడుతున్నయి. కింద అంత ఒట్టి గోడ. పక్కన చెప్పులు కుట్టేటామె, "ఆవు తిన్నది. మైదా గోందుకు మరిగింది, సినిమా కాయిదాలను గూడ ఉంచుతలేదు" అన్నది.

ఈశ్వరమ్మ ఇంటికి పోయినం. కొడుకు మంచిగ మాట్లాడిండు. మిగిలిన కాయిదాలున్నయా అంటె, తల్లి ఫోటో ఉన్న కాయిదం కాళ్ల కింద పడొద్దని దినాల నాడే అన్ని తీస్కపోయి చెరువుల కలిపినమన్నడు. ఆయనను ఏమంటం. నేను గూడ కాలబెట్టినోన్నే.

ఇంటికి నడుసుకుంట వచ్చిన. బట్ట కట్టే రోజు దగ్గర పడ్డది. పంతులు రెండుసార్లు మనిషిని పంపిండు. వదిన ఆసు ముందట కూసోని ఉంది, నూలు సిద్ధంగ పెట్టుకొని.

"ఖాదర్ ఏమన్నడు?"

"లేదు."

"నల్లగొండ?"

"వేరే."

"గోడ మీద?"

"ఆవు తిన్నది."

ఆమె నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని చానసేపు నవ్వింది. "మీ అన్న సంగతి అంత గిట్లనే" అన్నది. కండ్లు తుడుసుకుంది.

నేను కత్తెర తీస్కొని మగ్గం కాడికి పోయిన. వేరే అక్షరాలతోని నేసి, మందిల గుర్వయ్య చేత కత్తిరిపిచ్చుకునే కంటె, నేనే పేరు లేకుండ బట్ట కోసియ్యాలనుకున్న. ఆ పని చేస్తె అన్న జాడ చెప్పి పారిపోయినోడే అయితడు. నేసినా అంతే, కోసినా అంతే. కత్తెర పట్టుకొని పడుగు ముందట నిలవడ్డ.

వదిన ఎనుకనే వచ్చింది.

"కోస్తవా?"

వదిన మగ్గం పక్కన కూసున్నది.

"నాకు సదువు రాదు. ఒక్కటి చెప్పు. ఈదయ్య, యాదయ్య అని అంటె చెవికి ఒక్క తీరుగ ఇనపడుతాంది. రాస్తె గూడ అంతేనా?"

కత్తెర కింద పెట్టిన. ముందటి అక్షరం ఒక్కటి తీస్తె మిగిలిందంత ఒక్కటే. ఇన్ని దినాలు పేరు మొత్తం ఎవలన్న ఇయ్యాలని తిరిగిన గని, సగానికెక్కువ నేసిన బట్టతోపాటు నా దోనె మీదనే చుట్టుకొని ఉందని నాకు తట్టలె. యాదయ్య. గుర్వయ్య తండ్రి.

పడుగు జారకుండ కట్టేసి, నేసిన బట్టను మెల్లగ వెనుకకు ఇప్పినం. యాదయ్య పేరు కాడికి వచ్చినంక వదిన బట్ట పట్టుకుంది, నేను పోగులు లెక్కపెట్టుకుంట గళ్ల కాయిదం మీద దించుకున్న. ద వచ్చింది. య్య వచ్చింది, తోకతోని సహా.

ముందటి అక్షరం, ఈ, ఎవలి పేర్ల లేదు.

ఖాదర్‌కు కబురు పోతె లూనా మీద వచ్చిండు. తన తాన ఉన్న ఫాంట్లన్నిటి ఈ అక్షరం వరుసగ కొట్టి కాయిదం తెచ్చిండు. బట్ట పక్కన పరిసి చూసినం. ఒకటి బక్కగ, ఒకటి ఒరిగి, ఒకటి మూతి ముడుసుకొని. ఏదీ ఈ గుంపుది కాదని దూరం నుంచే తెలుస్తాంది.

"మాఫ్ చెయ్యి కాకా" అన్నడు ఖాదర్. "మా ఖాసిం తాత పేరు పడ్డప్పుడు గూడ కొందరు గులిగిన్రు. అక్షరం అందరిదొక్కటే ఉండబట్టి నోర్లు మూసుకున్నరు. నాకెరుక, అక్షరం అంటె ఏందో."

ఇగ అయిపోయిందనుకున్న. ఊకె కూసోరాక నాడె చేతిలకు తీసుకున్న. అలవాటుగ బొటనవేలుతోని దాని పక్కను రుద్దుతున్న.

"ఆ వేలు తీసి చూడు" అన్నది వదిన.

ఆ నాడె మా అన్న వాడిందే. చింతకట్టె. మొనలు మార్పిచ్చిన గని కట్టె అదే. మగ్గపోళ్లు ఎవలి నాడె మీద వాళ్లు గుర్తు కాలుస్తరు, కలిసిపోకుండ. ఆ గుర్తు నా వేలు కింద ఎంత కాలమున్నదంటె అది నాకు కట్టెల గుంత తప్ప ఇంకోటి కాదు. వెలుగుకు పట్టి చూసిన. ఈ.

"దబ్బనం ఎర్రగ కాల్చి పెట్టిండు. నేనే బుడ్డి పట్టుకున్న. కొత్తగ పెండ్లయింది, నాకు గొప్ప చూపెట్టాలని. నువ్వు పక్కన పలక మీద దిద్దుతున్నవు" అన్నది.

ఖాదర్ నాడె తీస్కొని తిప్పి తిప్పి చూసిండు. "వీటికి కలవది కాకా. వేరే అని తెలుస్తది."

"తెలుస్తది" అన్న.

"మరి గుర్వయ్య?"

ఇది నేను పెట్టిన అక్షరం కాదు, అంత ఒక్కటే నాకు తెలుసు. మిగిలినవాటంత లావు చేసి కాయిదం మీద దించిన. వంపు మాత్రం ముట్టుకోలె. వదిన నూలు ఆసు పోసింది. అందరికి పోసినట్టే పోసింది, తొందర లేదు, ఆలస్యం లేదు. సైకిల్ ట్యూబు ముక్కలతోని కట్లు కట్టిన, ఎరుపుల ముంచిన, ఆరినంక ఇప్పిన. ఆ నాడెతోనే నేసిన. పేరు పడ్డంక పడుగు అయిపోయింది.

కట్టే రోజు పొద్దుగాల పంచాయతీ ఆఫీసు నిండింది. బట్ట గోడ పొడుగుత పరుసుకుంది. చిటికిల అక్షరం అంచులు జర చెదిరి, పొగ తాకినట్టుంటయి. అయినా తేడా కనవడుతనే ఉంది. ముందట కూసున్నోళ్లు చివరి పేరు కాడికి రాంగనె ఒకల మొఖాలు ఒకలు చూసుకున్నరు.

గుర్వయ్య లేసిండు. "పంతులూ, ముందటి అక్షరం వేరే. నేను అప్పుడే చెప్పిన."

సోమన్న పంతులు దగ్గరికి పోయి చూసిండు. "వేరేనే" అన్నడు. "ఏమంటవు సిద్దిరాములూ?"

నేను నాడె తీసి ఆయన చేతిల పెట్టిన. ఆయన ఆ గుర్తు చూసిండు, గోడ దిక్కు చూసిండు. "ఇది ఎవలు కాల్చిన్రు?" అన్నడు.

"ఆయననే" అన్న.

ఆడోళ్ల దిక్కు నుంచి వదిన లేసింది.

"నా మరిది మాట్లాడడు, నేను చెప్త. ఫాంటో గీంటో పోయిందంట. ఊర్లు తిరిగిండు, దొరకలె. ఆ ముందటి అక్షరం ఆయన చేతిది. దాని ఎనుకున్నయన్ని, ఓ గుర్వయ్యా, మీ నాయిన పేర్లకెళ్లి తెచ్చుకున్నం. చెప్పకుండ తెచ్చుకున్నం. వద్దంటె చెప్పు, ఇప్పిస్త, తీస్కపో."

ఎవలో నవ్వబోయి దగ్గినట్టు చేసిన్రు. గుర్వయ్య నవ్వలె. గోడ కాడికి పోయిండు. ముందుగాల తండ్రి పేరు కాడ నిలవడ్డడు. తరువాత చివరి పేరు కాడికి నడిసిండు. మల్ల వెనుకకు పోయిండు. య్య కింది తోక మీద వేలు పెట్టిండు, అక్కడ ఒకసారి, ఇక్కడ ఒకసారి. నేను ఆయన చేతులనే చూస్తున్న. పంతులు బల్ల మీద కత్తెర ఉంది, రిబ్బను కోసెతందుకు తెచ్చింది.

గుర్వయ్య దాని దిక్కు పోలె. ఇటు తిరిగి, ఎవలను చూడకుండ, "ఆ తూర్పు కిటికీ మూయుండ్రి. ఎండ పడితె రంగు పోతది" అన్నడు. పోయి తన జాగల కూసున్నడు.

పంతులు కిటికీ మూసిండు. నాడె నాకు తిరిగిచ్చిండు.

ఇంటికి వచ్చినంక వదిన గడప మీద కూసోని కాళ్లు చాపింది.

"పట్కారు తేపో."

మగ్గం సామాన్లకెళ్లి పట్కారు తెచ్చిన. మెట్టెలు వేళ్ల మాంసంల దిగిపోయి ఉన్నయి. చిన్న వయసుల పెట్టినయి, వేలు పెరిగింది గని అవి పెరగలె. పట్కారు ఆనిస్తె కాలు వెనుకకు గుంజుకుంది. మల్ల తనే ముందటికి పెట్టింది.

"మీ అన్న పట్టు ఊడదు. మెల్లగ తియ్యి" అన్నది.

ఒక దిక్కు పట్టి సాగదీసిన. వెండి మెత్తగనే ఉంది. ఆమె గోడ దిక్కు మొఖం తిప్పుకుంది. నేను రెండో కాలు పట్టుకున్న.